పసుపు మీద తెల్ల మొగులు

కవులకు మబ్బులంటే మహా ప్రేమ. వాళ్ళలో ఒక్కరైనా పసుపు ఉడకబెట్టి ఎండకు ఆరబోసి ఉంటే ఆ ప్రేమ ఎక్కడికి పోయేదో! నాకు మాత్రం మబ్బును చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది బోధన్ దారిలో చిన్న ఊరు. కాలువ పారే పొలాల్లో కోస్తా నుంచి వచ్చినవాళ్ళ చెరుకు, బావుల కింద మా పసుపు. పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి ఊరి మొత్తానికి మా ఇంట్లోనే ఉండేది. అందుకని పొయ్యి ఎప్పుడు ముట్టించాలో చెప్పే పెత్తనం కూడా మా బాపుదే. వాకిట్లో నిలబడి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొగులు చూసేవాడు. మబ్బును మా దగ్గర మొగులంటారు. ఆయన మాట తప్పేది కాదు. రాష్ట్రాలు కలిసిన ఏడు నేను పలక పట్టాను. అప్పుడు వానాకాలం మొగులు నల్లగా తాటిచెట్ల తలల దాకా దిగి కురిసేది. శివరాత్రి దాటితే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది.

రానురాను అది మారింది. ఆషాఢంలో మబ్బులు ఎక్కడో ఎత్తున తెల్లగా తేలిపోయేవి, చుక్క రాల్చేవి కావు. వద్దన్న మాఘ ఫాల్గుణాల్లో వచ్చి పల్చగా కప్పుకుని కూర్చునేవి. ఒక్క ఏడాది మబ్బును చూస్తే ఏమీ తెలియదట. దాని మందం, ఎత్తు, అది ఆపే ఎండ, ఇవన్నీ ఏళ్ళ తరబడి చూస్తేనే ఒక ప్రాంతం వాతావరణం ఎటు పోతోందో తెలుస్తుందని ఈమధ్య రేడియోలో ఎవరో పెద్దమనిషి చెప్పాడు. సంతోషం. మా బాపు కూడా ఏళ్ళ తరబడే చూశాడు. కానీ కళ్ళు పైకి చూస్తున్నా, మనసు మాత్రం తన చిన్నప్పటి ఆకాశాన్నే చూసేది.

మా పక్కింటావిడను చాచీ అని పిలిచేవాళ్ళం, పిన్ని అన్నమాట. భర్త పోయిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. "ఈ ఒక్క పంట సూస్త. మంచిగొస్తే సరే, లేకుంటే పొలం నేను కలుపుకుంట" అని ఆమె మరిది పదిమందిలో చెప్పి ఉన్నాడు. పసుపు బాగా ఊరింది. తవ్వి కుప్ప పోసింది. ఆమె ఊళ్ళో ఉండాలా, పోవాలా అన్నది ఆ కుప్ప మీదే ఉంది.

శివరాత్రి వెళ్ళిన మరునాడు మా వాకిట్లోకి వచ్చింది.

"భాయ్, ఉడకబెట్టాల్నా, ఇంకొన్ని దినాలు ఆగాల్నా? పోయినేడు, ముందటేడు గూడ గీ దినాల్లనే తెల్ల మొగులొచ్చింది గదా. నాకు గుబులైతుంది."

బాపు నవ్వాడు. "శివరాత్రి పోతే ఇంక మొగులెక్కడిది చెల్లే? గది దారి తప్పి వచ్చింది. నేను జెప్తున్న గద, పొయ్యి ముట్టియ్."

ఉడకని పసుపు కుప్పలో కొన్నాళ్ళు ఆగుతుంది. ఉడికింది ఆగదు, దానికి వెంటనే ఎండ కావాలి. ఆ రోజే మాదీ, ఆమెదీ ఉడకబెట్టాం. చాచీ కొమ్ములు పరుస్తూ, భర్త పోయాక మొదటిసారి పిల్లలతో పరాచికాలాడింది.

రెండు రోజులు బాగానే కాసింది. తర్వాత మొగులైంది. వాన మొగులైనా బాగుండేది, కురిసి దాని దారిన అది పోయేది. ఇది ఉత్త తెల్ల పొర. అటు వాన లేదు, ఇటు ఎండ లేదు. "పొద్దెక్కితే ఇడుస్తది" అన్నాడు బాపు. విడవలేదు. రేపన్నాడు. రేపూ అంతే. కొమ్ముల మీద బూజు లేచింది, తిరగేస్తే అడుగున నల్లగా జిగట. పొయ్యిల పక్కన ఆరబెడితే పొగ వాసన పట్టింది. "చేతులు గాలినంక ఆకులు వట్టుకుంటె ఏమొస్తది?" అని మా అవ్వ బాపును కసిరింది. మాకు బావి కిందే ఇంకో మడి చెరుకు కూడా ఉంది, ఎట్లాగో గడుస్తుంది. చాచీకి ఏముంది?

పసుపు అమ్మడానికి నిజామాబాద్ గంజ్‌కు బాపే బండి కట్టాడు. చాచీతో పాటు నేనూ వెళ్ళాను. మంచి కొమ్ము టక్కున విరగాలి. సేటు చాచీ బస్తాలోంచి ఒకటి తీసి విరిచాడు. అది వంగింది. వాసన చూసి బస్తా మీదే పడేశాడు.

"ఏం తెచ్చినవమ్మా, గిది ఎవడు కొంటడు?"

"నా మాట ఇని ఉడకబెట్టింది సేటూ, తప్పు నాది" అన్నాడు బాపు. తప్పు ఎవరిదైతే సేటుకేమిటి! పక్క బస్తా దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరిది పొలం కలుపుకున్నాడు. బోధన్ అవతల చెరుకు కొట్టే గుంపులో చేరడానికి చాచీ పిల్లలతో బయల్దేరింది. బాపు వెళ్ళి ఆమె గడప ముందు నిలబడ్డాడు.

"నన్ను తిట్టు చెల్లే. నీ నోట్లె మన్ను గొట్టిన."

"మీరేం జేస్తరు భాయ్, మీ పసుపు గూడ పాయె గద" అంటూ ఆమె మూట బండిలో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాపు బతికిపోయేవాడు. ఆమె తిట్టలేదు.

బండి కదిలాక చాచీ ఒకసారి పైకి చూసింది. మళ్ళీ మొగులు కమ్ముకుంటోంది. చిన్నదాని నెత్తిన కొంగు కప్పుతూ, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ అడిగింది.

"భాయ్, బోధన్ జేరేదాంక వాన రాదు గదా?"

బాపు తల ఎత్తలేదు. బండి మలుపు తిరిగేదాకా ఆమె జవాబు కోసం వెనక్కి చూస్తూనే ఉంది.