బండికి బద్లీ

ఉధ్నా సిగ్నల్ దగ్గర నా వెనక ఒక పాత మోటారు సైకిలు వచ్చి ఆగింది. కాలిన ఆయిలు, ఎండకు కాగిన రెగ్జిను కలిసిన వాసన. తల తిప్పకుండానే అది ఏ బండో తెలిసిపోయింది. కడుపులో ఎప్పటి మంటే మొదలైంది. ఎసిడిటీ అయితే మాత్ర ఉంది, దీనికి లేదు. ఆ బండి రాజేశన్నది. ఇప్పుడు దాని మీద తిరుగుతున్నది శ్రీను.

రాజేశన్న మా మరమగ్గాల యూనిట్లో మాస్టర్. మగ్గం ఆగితే బాగుచేసేవాడు, ఆగకముందే ఆగబోతోందని చెప్పేవాడు. నన్నూ శ్రీనునూ ఒకే వారంలో పనిలో పెట్టుకున్నాడు. శ్రీనుకు వేళ్ళున్నాయి, తెగిన పోగును రెప్పపాటులో ముడేసేవాడు. నాకు నోరుంది. "నీకు చెవులు గూడ ఉన్నయ్‌రా తిరుపతీ. జర నోరు బంద్ చేస్తే అవి పని చేస్తయ్" అనేవాడు రాజేశన్న.

అప్పటికి నాకు ఒక కొత్త బండి ఉంది. ఎర్రది. బటన్ నొక్కితే స్టార్టు, ముందు డిస్క్ బ్రేకు, వెనక సీటు కొండెక్కుతున్నట్టు పైకి లేచి ఉంటుంది. ఛాయ్ దుకాణం ముందు దాన్ని నిలబెట్టి, ఎవరైనా ఏదైనా అడుగుతారని రెండు ఛాయ్‌లు తాగేవాణ్ణి. అడిగేవాళ్ళు కూడా. "జర పక్కకు తియ్యి, రాజేశన్న బండి కనవడ్తలేదు" అని.

ఆయన బండి నాకన్నా పెద్దది, వయసులో. దాని ఇంజను టక్‌టక్‌మంటుంటే ఒకసారి నవ్వాను. "ఇంత చప్పుడేందన్నా?" ఆయన నవ్వలేదు. "టప్పెట్లురా, వాల్వుల్ని తెరిచేటియి. వదులుంటే మొత్తుకుంటయ్. మొత్తుకునే బండికి ఏం గాదు. బిగుసుకపోతే సప్పుడుండది, లోపల్లోపలే కాలిపోతది. సప్పుడు బందైన రోజు భయపడు." మగ్గానికైనా అంతేనన్నాడు. నేను మా ఇంటి ఓనరుకు ఇది వర్తించదన్నాను. నెత్తి మీద ఒకటి పడింది.

బతకడానికి ఇంత దూరం వచ్చిన మాలో ఒక పద్ధతి ఉంది. ఊరికి వెళ్ళేవాడు తన మగ్గాల మీద ఇంకొకణ్ణి నిలబెట్టి వెళ్ళాలి. వాడే బద్లీ. ఎవణ్ణి నిలబెడితే వాణ్ణి నమ్మినట్టు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు రాజేశన్నకు కూడా అంటుకుంది. వడోద్‌లోని తన గదిలో తలుపేసుకుని మాకు ఫోన్ చేశాడు. మాస్టర్ పనికి బద్లీ ఎవరని యూనిట్ అంతా చెవులు రిక్కించింది.

"శ్రీను చూసుకుంటడు" అన్నాడు.

"మరి నేనన్నా?"

"నువ్వు బండికి బద్లీ."

జబ్బు మనిషితో దెబ్బలాడకూడదు గనక, ఆయన గది తలుపు గొళ్ళేనికి వేలాడదీసిన తాళం చెవి తీసుకుని బండిని నా గదికి తెచ్చాను. రోజూ పొద్దున బండి స్టార్టు చేసి, ఇంజను దగ్గర ఫోను పట్టుకోవాలి. ఆయన విని తిడతాడు. తర్వాత డుమస్ రోడ్డు మీద కాసేపు తిప్పి తేవాలి. దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మొదటి రోజు పుచ్చకాయల బండి అడ్డొస్తే అలవాటుగా కుడికాలు నొక్కాను. బండి ఆగకపోగా పై గేరులో పడింది. నాకన్నా ముందే పుచ్చకాయలాయన దేవుణ్ణి పిలిచాడు.

అయినా ఆ బండి నడక వేరు. నా ఎర్రది ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతుంది. ఇది తనకోసమే రోడ్డు వేశారన్నట్టు పోతుంది. నాలుగో రోజు తిరిగొచ్చి నా బండి ఎక్కితే దోమ మీద కూర్చున్నట్టనిపించింది. నా బండి మీదే నాకు చిన్నచూపు కలిగించినందుకు రాజేశన్న మీద కోపం కూడా వచ్చింది.

ఆరో రోజు ఇంజను టకటకా మొత్తుకుంటోంది. ఫోను దగ్గర పట్టి, తిట్లకు సిద్ధంగా ఉన్నాను.

"ఎట్లున్నదన్నా?"

"మంచిగ..." చాలాసేపు ఏమీ లేదు. "...ఉన్నది."

అంతే. తిట్టలేదు. ఊపిరి తప్ప మరేమీ వినిపించలేదు.

శ్రీనును పిలిచి ఇద్దరం రెండు బండ్ల మీద వడోద్ చేరాం. అంబులెన్సు దొరకలేదు, ఆటోవాళ్ళు దగ్గరికి రాలేదు. నా ఎర్ర బండి వెనక సీటు మీద ఆయన కూర్చోలేకపోయాడు, జారిపోతున్నాడు. పాతదాని బల్లలాంటి సీటే దిక్కయింది. యూనిట్ నుంచి తెచ్చిన కోరా బట్టతో ఆయన్ను నా వీపుకు కట్టాడు శ్రీను. వాడు వేసిన ముడి ఊడుతుందన్న అనుమానం నాకు రాలేదు. దానికీ అసూయపడ్డాను.

మండుటెండలో బయలుదేరాను. మొదటి మలుపు దగ్గరే కాళ్ళు తడబడ్డాయి. అప్పుడు నా కుడి తొడ మీద ఒక వేలు తట్టింది: గేరు. కాసేపటికి ఎడమ తొడ మీద: బ్రేకు. మాట పెగలని మనిషి ఆసుపత్రి దాకా అలాగే తడుతూ వచ్చాడు. నేను కాపాడానని అందరూ అంటారు. నిజానికి బండి నడిపింది ఆయనే.

బతికి బయటికొచ్చాడు గానీ, ఆ ఊపిరితిత్తులు ఇక నూలు దుమ్మును తట్టుకోవన్నారు డాక్టర్లు. ఊరికి వెళ్ళే రోజు బండి తాళం చెవి శ్రీను చేతిలో పెట్టాడు. నా చేతిలో టప్పెట్ల స్పానర్ పెట్టాడు.

"నిన్ను మోసుకపోయింది నేనన్నా. బండి వానికా?"

"నీకు బండున్నది గదరా."

"మరి ఈ స్పానరేం జేసుకోవాలె?"

"వానికి చెవుల్లేవు" అని రైలెక్కాడు.

సిగ్నల్ దగ్గర శ్రీను నా పక్కకు వచ్చి హెల్మెట్ అద్దం ఎత్తాడు. ముఖం వెలిగిపోతోంది. "సూడురా, ఎంత స్మూత్‌గున్నదో! వారం సంది ఒక్క సప్పుడు లేదు."

నిజమే. టక్‌టక్ లేదు. నోరు మూసుకుని వెళ్ళిపోతే నెలలో వాల్వు కాలిపోతుంది, వీడి గర్వమూ కాలిపోతుంది. పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"జర పక్కకు తియ్యి" అన్నాను. "టప్పెట్లు బిగుసుకున్నయ్, వదులు జేసేటందుకు ఇంజను సల్లారాలె. ఛాయ్ చెప్పు."

ఇంజను చల్లారడానికి రెండు ఛాయ్‌లు పట్టింది. నా కడుపులోది మాత్రం చల్లారలేదు. లేచి, నా ఎర్ర బండి సీటు ఎత్తి, కోరా బట్ట ముక్కలో చుట్టిన స్పానర్ తీశాను. నా బండిలో అది పట్టే నట్టు ఒక్కటీ లేదు.