చావుకు ముందే వచ్చిన కణాలు

పరిశోధకురాలికి పొగరని తోటివారన్నారు. తన అన్న చేతి వణుకు చూసి ఆమెకు మతి చెదిరిందని బంధువులన్నారు. మందు కనిపెట్టేసిందని వీధివారన్నారు. మూడూ నిజం కావు. రోజూ కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, చెప్పులు విడిచి మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి ఆమె. అన్నను వణికిస్తున్న పార్కిన్సన్స్ జబ్బులో నాడీకణాలు చచ్చాకే, ఆ చెత్త ఊడ్చడానికి రోగనిరోధక కణాలు వస్తాయని ఆ ప్రయోగశాలలో అందరి నమ్మకం. ఆ మధ్యాహ్నం, జబ్బు తొలిదశలోనే మరణించినవారి మెదడు నుంచి కోసిన పలుచని పొరల్లో, ఇంకా బతికున్న నాడీకణాల చుట్టూ ఆ రోగనిరోధక కణాలు గుమిగూడి కనిపించాయి. తన ఆశే అలా చూపిస్తోందేమోనని, ఆ పొరలు ఎవరివో చెప్పకుండా పక్క బల్ల అతనికి చూపించింది.

"ఇవి ఊడ్చడానికి రాలేదక్కా, గొడవకే వచ్చాయి."

"గొడవకో కాపలాకో ఇంకా తెలీదురా. ముందే వచ్చాయి, అంతవరకే అను."

ఇంటికి పరుగున వెళ్లి అన్నకు చెప్పింది. చొక్కా గుండీతో తంటాలు పడుతున్న అతడు తలెత్తాడు.

"అయితే నా వణుకు ఆగుతుందా, చెల్లీ?"

అవునందామని నోటిదాకా వచ్చింది.

"దీంతో ఆగదన్నయ్యా. ఎక్కడ వెతకాలో మాత్రం తెలిసింది."

"మరి ఇక్కడ నా మొహం చూస్తావేంటే? పోయి వెతుకు."

ఆమె మందు కనిపెట్టలేదు. కళ్లారా చూసినంతే చెప్పింది. అన్నకు సైతం ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.