దురద లేదని వదిలేసిన అవ్వ

రాష్ట్రం విడిపోయిన నాలుగైదేళ్లకు ఒక చలికాలం. అప్పుడు ప్రొద్దుటూరులో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర నర్సుగా ఉన్నాను. మైలవరం పక్కన ఒక పల్లె నుంచి ఓబన్న అనే గొర్రెల కాపరి, భార్యాపిల్లలతో మూడోసారి వచ్చాడు. జబ్బు గజ్జి. రెండుసార్లు మందిచ్చాం, రెండుసార్లు తిరగబెట్టింది. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ గీరి గీరి పుండ్లు చేసుకున్నారు.

"క్రీమ్ పూసుకున్నారా?" అన్నాను.

"గొంతు కాడ్నించి అరికాలు దాకా పూసుకుంటిమి మేడమ్. గుడ్డలు గూడా ఉడకబెడ్తిమి."

"మరి ఎందుకు తగ్గలేదప్పా?"

"అది నిన్ను నేనడగాల."

అబద్ధమాడుతున్నాడనుకున్నాను. సగం పూసి సగం దాచుకునేవాళ్లను చాలామందిని చూశాను. పైగా మా అమ్మ పోయి నెల కాలేదు, నాకు ఓపిక తక్కువగా ఉంది. "ఇంట్లో అందరూ పూసుకోవాలని చెప్పినానా లేదా?" అని గొంతు పెంచాను.

ఓబన్న భార్య తల ఎత్తకుండా అంది. "అత్త తప్ప అందరమూ పూసుకుంటిమి. ఆయమ్మకు దురదే ల్యా. ఎంతమందికి దురదని నువ్వే అడిగి, ఐదు ట్యూబులే ఇస్తివి గదక్కా."

నిజమే. రెండుసార్లూ అలాగే అడిగాను. నా మీద నాకొచ్చిన కోపం కూడా ఓబన్న మీదికే పోయింది.

"గొర్రెలకు గజ్జి వస్తే గీరుకునేవాటినే మందునీళ్లలో ముంచుతావా?"

"అట్లెట్ల? అన్నిట్నీ ముంచాల. ఒకటి మిగిల్తే మళ్లీ అన్నిటికీ వస్తాది."

"మరి మీ అమ్మను ఎందుకు వదిలినావు?"

"మా యమ్మ గొర్రె కాదు గదా మేడమ్," అన్నాడు ఓబన్న.

మర్నాడు అవ్వను ఆటోలో తెచ్చారు. అరచేతులు, మోచేతులు, మడమలు బూడిదరంగు పొలుసులతో దళసరిగా ఉన్నాయి. ముసలితనం కదా, చర్మం ఎండిందని ఆముదం రాస్తూ వచ్చారట. పగుళ్లలో చీము, ఒళ్లు కాలే జ్వరం. పిల్లలు పడుకునేది ఆమె కంబళిలోనే. డాక్టరు ఒక పొలుసు గీరి మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నారు. మామూలు గజ్జిలో ఆ జబ్బు తెచ్చే పురుగు వెతికితేగాని దొరకదు. ఇక్కడ ఎటు చూసినా కదులుతున్నాయి.

గజ్జిలో దురద పుట్టేది ముఖ్యంగా ఆ పురుగు మీద శరీరం చేసే తిరుగుబాటు వల్ల. దాన్నే ఇమ్యూన్ రెస్పాన్స్ అంటాం. అది బలంగా ఉంటే మనిషి గీరుకుంటాడు, పురుగులు కొద్దిగానే ఉంటాయి. అవ్వ మోకాళ్ల నొప్పికని ఊర్లో సూదులు వేసే ఆయన ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు రెండేళ్లుగా మింగుతోంది. అవి ఆ తిరుగుబాటును అణిచేశాయి. దురద లేదు, పురుగులకు అడ్డూ లేదు. ఈ రకాన్ని క్రస్టెడ్ స్కేబీస్ అంటారు.

"చీము రక్తంలోకి పోతే మనిషి దక్కదు," అన్నారు డాక్టరు. అవ్వను విడి గదిలో పెట్టి చీముకు యాంటీబయాటిక్ ఎక్కించాం. ఐవర్‌మెక్టిన్ మాత్రలు, క్రీమ్ కొన్నాళ్ల తేడాతో మళ్లీ మళ్లీ ఇచ్చాం. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాం. ఇంట్లో అందరికీ ఒకే రోజు క్రీమ్ పూయించాం.

జ్వరం దిగింది, పొలుసులు రాలాయి. మూడో వారంలో అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందమ్మీ, బాగున్నదాన్ని తెచ్చి గజ్జి తగిలిస్తిరే. తెల్లార్లూ గీరుకుంటాండా."

ఓబన్న అప్పుడే సంచి సర్దాడు. "ఈడ పెట్టినాకే దురద పట్టె. ఇంటికి పోతాం." స్టెరాయిడ్ తగ్గేసరికి చచ్చిన పురుగుల మీద ఒళ్లు ఇప్పుడు తిరగబడుతోందని మూడుసార్లు చెప్పాను. డాక్టరు మళ్లీ గీరి చూశారు. బతికున్న పురుగు ఒక్కటీ లేదు. అయినా అవ్వ నన్ను తిడుతూనే ఇంటికి వెళ్లింది, తన కాళ్ల మీద నడిచి.

ఇప్పుడు గజ్జితో ఎవరొచ్చినా ఇంట్లో వాళ్లందరి పేర్లు రాయిస్తాను, ఎవరు ఏ మాత్రలు మింగుతున్నారో కూడా. "బాగున్నోళ్లతో నీకేం పని?" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. చివరి పేరు చెప్పేదాకా ట్యూబులు చేతికివ్వను.