ఆఫీసు జట్టు ఓపెనర్

క్రికెట్ పుణ్యమా అని నాకు కాకినాడ ఎరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జిల్లా జట్టుకు ఓపెనర్ని. వికెట్ అప్పనంగా ఇచ్చే రకం కాదు, బౌలర్లకు మూడు చెరువుల నీళ్ళు తాగించేవాణ్ణి. మోకాలు మొరాయించాక బ్యాటు అటకెక్కింది, నేను అడ్మినిస్ట్రేషన్‌లో కుర్చీ ఎక్కాను. బస్సులు, క్యాంటీన్, సెలవులు, బదిలీలు చూసుకుంటూ చివరికి జనరల్ మేనేజర్నయ్యాను. అయినా లోపల నేను బ్యాట్స్‌మన్‌నే అనుకునేవాణ్ణి.

కంపెనీ వార్షికోత్సవానికి ఆఫీసు వాళ్ళకీ ప్లాంటు వాళ్ళకీ మ్యాచ్ పెట్టారు. నాలో ఆట ఇంకా మిగిలుందో లేదో తేల్చుకోవాలని పేరిచ్చాను. అటక మీంచి బ్యాటు దింపుతుంటే మా ఆవిడ నవ్వింది.

"అది ఫైలు కాదండి, రెండు చేతులతో పట్టుకోవాలి!"

ప్లాంటు బౌలరు ఒక ఎలక్ట్రీషియన్. సాయంత్రాలు ప్రాక్టీసులో చూశాను, మంచి వేగం. నాకు మాత్రం కొత్తల్లుడికి వడ్డించినట్టు వేశాడు.

"గట్టిగా వెయ్యవయ్యా" అన్నాను.

"అలాగేనండి" అని ఇంకా మెల్లగా వేశాడు.

మూడో బంతి బ్యాటు అంచుకు తగిలింది. కీపర్ చక్కగా పట్టాడు. అప్పీలు లేదు! పైగా "భలే వదిలేశారండి" అన్నాడు. నేనే బయటికి నడిచాను. అంపైరుగా నిలబడ్డ స్టోర్సు గుమస్తా పరుగెత్తుకొచ్చి, "నోబాల్ అండి, నోబాల్! మీరు రండి సార్" అని చెయ్యి చాపాడు. మా వైపు మర్యాద చంపేస్తుంది.

ఒళ్ళు మండిపోయింది. తర్వాతి బంతికి వికెట్లను నేనే బ్యాటుతో కొట్టాను. బెయిల్స్ ఎగిరి కీపర్ కాళ్ళ దగ్గర పడ్డాయి. అంపైరు వాటిని ఏరి మళ్ళీ పెట్టాడు.

"ఇవాళ గాలెక్కువగా ఉందండి" అన్నాడు.

ఆకు కూడా కదలడం లేదు. ఫీల్డర్లంతా "అవునండి, సముద్రపు గాలి కదండీ" అన్నారు.

వాళ్ళనేం అనను? వాళ్ళ సెలవులూ బదిలీలూ నా సంతకం కిందే ఉన్నాయి. చిన్నప్పుడు నన్ను ఔట్ చేయడానికి చెమటోడ్చిన వాళ్ళు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇక నేను ఆటగాణ్ణి కాదని అక్కడే, క్రీజులో నిలబడే తెలుసుకున్నాను.

మోకాలు నొప్పని అబద్ధం చెప్పి వచ్చేశాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. బోర్డు మీద నా పేరు పక్కన ఎవరో నాటౌట్ అని పెద్ద అక్షరాలతో రాస్తున్నారు.