పాలు చాలట్లేదన్న ప్రతి ఇంటికీ పోయిన నా బిడ్డ

చిట్టీ, నువ్వు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ రోజు పొద్దున నీకు జావ కాచి ఫ్లాస్కులో పోస్తుంటే అల్లుడు దవాఖాన నుంచి ఫోన్ చేశాడు. "అత్తమ్మా, ఇగ తేవద్దు" అన్నాడు. అంతే అన్నాడు. డెంగీ జ్వరం ఆరు రోజుల్లో నిన్ను తీసుకుపోయింది.

చదివేవాళ్లకు చెప్తున్నాను. నా బిడ్డ మా సిద్దిపేటలో ఆశా వర్కర్. బాలింతల ఇళ్లకు తిరిగి, పసిపిల్లలకు పాలు ఎట్లా పట్టాలో చూపించేది. శవం ఇంకా వాకిట్లోనే ఉంది, ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకోవడం నా చెవిన పడింది. "ఊర్ల బాలింతల రొమ్ములన్ని చూసె గదా, పాల దిష్టి ఊకుంటదా?" అని. నాకు ఏడుపు ఆగిపోయింది. అందులో ఒకామె మనవడికి రొమ్ము అందక గుక్కపట్టి ఏడుస్తుంటే, మూడు రోజులు పోయి కూర్చుని పాలు పట్టించింది నా బిడ్డే. దోమ కుట్టి పోయిన మనిషికి దిష్టి పేరు పెడతారా? ఆ కోపం ఇంకా పోలేదు. దానితోనే ఇది రాస్తున్నాను.

ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం నేనే. మంచి చేసి కాదు, తప్పు చేసి. తొలి కాన్పుకు మా ఇంటికే తెచ్చుకున్నాను. ముర్రుపాలు పచ్చగా, చిక్కగా ఉంటే "చీము లెక్కున్నయి" అని పిండించి పారబోయించాను. మూడు రోజులు పసిదానికి చక్కెర నీళ్లు పోశాను. గల్లీలోకి గాడిదను తోలుకొచ్చే మనిషిని ఆపి, అప్పుడే పిండిన గాడిద పాలు చెంచాతో తాగించాను, ఆయాసం రాదని. మా అవ్వ చేసింది, నేనూ చేశాను. ఇక చిట్టికి పత్యం. వెల్లుల్లి కారం, నాలుగు మెతుకులు, గుక్కెడు వేడినీళ్లు. పప్పు తింటే పసిదానికి వాయువన్నాను, ఆకుకూర తింటే పచ్చగా పోతుందన్నాను.

పసిదానికి నీళ్ల విరేచనాలు పట్టి దవాఖానలో పెట్టారు. ఇక్కడ తల్లికి పాలు ఎండిపోయాయి. మనవరాలు డబ్బా పాలతోనే పెరిగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నా బిడ్డ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆశా పనిలో చేరాక, పసిపిల్లలకు గాడిద పాలు వద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పేది. ఒకరోజు మేమిద్దరం పోతుంటే మా గల్లీలోనే ఆ గాడిద ఆయన ఎదురుపడ్డాడు.

"అక్కా, నా పొట్ట కొట్టకే" అన్నాడు.

"నీ గాడిద పిల్ల ఏది?"

"ఇంటికాడ కట్టేసిన."

"దాని పాలు దానికే ఉంచు. ఈడి పిల్లలకు తల్లులున్నరు."

అని, నా వైపు తిరిగి భుజం మీది సంచి చూపించింది. "నాకు గూడ చిన్నప్పుడు తాగిపిచ్చినవ్ గదనే అమ్మా. అందుకే గింత బరువు మోస్తున్న" అంది. గాడిద ఆయన కూడా నవ్వాడు.

బాలింత ఇంటికి పోతే ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. తర్వాత గదిలో ఉన్న అందరినీ బయటికి తోలేది. "గిందరు చూస్తుంటె మీకు ముద్ద దిగుతదా? దానికి పాలెట్ల దిగుతయి?" అనేది. బాలింత వెనక దిండు పెట్టి, "నువ్వు వంగకు, బిడ్డనే నీ దగ్గరికి తే. నోరు పెద్దగ తెరిచినంకనే పట్టు. ఉత్త మొన పట్టిస్తె పుండయితది" అని చెప్పేది. ఒక పిల్ల తలవంచుకుని, "నావి చిన్నయి అక్కా, పాలుంటయా?" అని అడిగిందట. "చిన్న బాయిల నీళ్లుండయా?" అందట నా బిడ్డ.

అన్నం తింటుంటే కూడా ఫోన్లు. ఎండలు మండుతున్నాయి, నీళ్లు పట్టాలా అని ఒకరు. "ఆర్నెల్ల దాక చుక్క వద్దు, పాలల్లనే నీళ్లున్నయి." రొమ్ము గడ్డకట్టింది, జ్వరమొచ్చింది, పాలు ఆపాలా అని ఇంకొకరు. "ఆపకు, పాలిస్తనే దవాఖానకు రా." పాలు చాలట్లేదని ఎవరు ఏడ్చినా, పిల్ల రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందని అడిగేది. ఆరుసార్లు దాటితే బెంగ వద్దనేది. "పిల్ల ఏడిస్తె పాలు లేనట్టు గాదు. దానికి ఏడుపు తప్ప వేరే మాట రాదు" అనేది. చివర తప్పకుండా ఇంకో మాట. "బరువు పెరగకపోతె మాత్రం నన్ను గూడ నమ్మకు, డాక్టర్ దగ్గరికి పో." డబ్బా పాలు పట్టిన తల్లిని ఎవరైనా ఎగతాళి చేస్తే ఊరుకునేది కాదు. తన కూతురు అవే తాగి బతికింది కదా.

ఇవేమీ పెద్ద విద్యలు కావు. అడిగితే చెప్పే మనిషి ఉంటే చాలు. కానీ మన ఇళ్లలో ఎవరు అడగనిస్తారు? "దీనికి పాలే లేవు" అని పదిమందిలో అంటారు, ఏదో దొంగతనం చేసి దొరికినట్టు. ఆ పిల్ల ఏం తిన్నదో, ఎంత నిద్రపోయిందో ఒక్కరూ అడగరు.

మా గల్లీ చివర మూలింటి కోడలికి తొలి కాన్పు. జ్వరం వచ్చే ముందు వారం నా బిడ్డ రోజూ ఆ ఇంటికే పోయింది. దవాఖాన మంచం మీద కూడా, "అమ్మా, మూలింటి కోడల్ని చూసిరా. డబ్బా తెస్తమంటున్నరు. దానికి పాలున్నయి, తిండే లేదు" అంది. నేను పోలేదు. నా బిడ్డను వదిలి ఎట్లా పోతాను?

ఇవాళ, పన్నెండో రోజు, పోయాను. మూలింటి అత్త గడపకు అడ్డం నిలబడింది.

"ఏమనుకోకు వదినా. చావైన ఇంటి నుంచి వచ్చి బాలింత గడప తొక్కద్దు."

"తొక్కను. ఈడనే ఉంట. కోడలికి ఏం పెడుతున్నవ్?"

"పత్యమే. మనం తినలేదా? పాలు లేవు దానికి, డబ్బా తెచ్చిన."

"నా బిడ్డకు గూడ గదే పత్యం పెట్టిన. పాలెట్ల ఎండినయో నీకు ఎరుకే."

"నీ బిడ్డ ఊరందరికి చెప్పె. ఆఖరికి ఏమాయె?"

అనేసి, తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ అనేసింది.

నేను గల్లీ అంతా వినేటట్టు అరిచాను. "నా బిడ్డ దోమ కుట్టి పోయింది, మంచి చెప్పి పోలే! నీ కొట్టంల పాలిచ్చే బర్రెకు తవుడు పెడ్తవ్, పత్తిచెక్క పెడ్తవ్, కుడితి తాగిపిస్తవ్. పాలిచ్చే పిల్లకు కారం మెతుకులా?"

లోపలి నుంచి కోడలే వచ్చింది, బిడ్డనెత్తుకుని. అత్తను దాటి, గడప దాటి, అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"ఆకలైతుంది పెద్దమ్మా" అంది.

మూలింటి అత్త లోపలికి పోయింది. వచ్చేటప్పుడు పళ్లెంలో అన్నం, పప్పు, తోటకూర, చెంబు నిండా నీళ్లు. "పోరడికి కడుపునొస్తె నువ్వే చూడాలె" అని నా ముందు పెట్టింది. చూస్తానన్నాను. డబ్బా మూత ఇంకా తీయలేదు. తీయాల్సి వస్తుందేమో, ఎల్లుండి బిడ్డను తూకం వేయించాక తెలుస్తుంది.

ఆ పిల్ల ఒక చేత్తో బిడ్డ మెడ పట్టుకుని, ఇంకో చేత్తో పెద్ద పెద్ద ముద్దలు తింటోంది. కొంగు కింద నుంచి పసివాడి చెవి ఒక్కటే కనిపిస్తోంది. వాడు గుటక వేసినప్పుడల్లా ఆ చెవి కదులుతోంది.

అమ్మా, పాలిచ్చే తల్లీ, ఇంట్లో ఎవరేమన్నా అననీ. కడుపునిండా తిను.