బ్రేకులకు గ్రీజు రాసిన ఆదివారం

వికారాబాద్ నుంచి తాండూరులోని మా పుట్టింటికి వెళ్లేటప్పుడు, బ్రేకు నొక్కిన ప్రతిసారీ మా పాత కారు కీచుమనేది. ధారూర్ దగ్గర మేకలు కూడా ఆగి మావైపు చూసేవి. ప్యాడ్లు అరిగాయని తెలిశాక, కొత్తవి ఇంట్లోనే వేసుకుందామన్నాను. మా ఆయన వెంటనే సై అన్నాడు. నూనె రాస్తే బాగుపడనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. మా తలుపు గడియలన్నీ కొబ్బరినూనె వాసనే.

అత్తమ్మతో కలిసి తాండూరు వెళ్లాల్సిన ఆదివారం పొద్దున కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలబెట్టి, చక్రం విప్పాం. ప్యాడ్లను నొక్కిపట్టే క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. ఒక పిన్ను ఎండిపోయి బిగుసుకుంది. దాన్ని శుభ్రంగా తుడిచి, బ్రేకుల గ్రీజు పల్చగా రాశాను. ఇంతలో ఆయన వేలినిండా గ్రీజు తీసుకుని ప్యాడు ముందువైపు రాయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ వైపే చక్రంతోపాటు తిరిగే డిస్కును పట్టుకునేది, అక్కడ రాస్తే కారు ఆగదని చెప్పాను.

అరుగు మీద కందికాయలు ఒలుస్తున్న మా అత్తమ్మకు ఆ చివరి మాటే వినబడింది.

"ఆపేటిదానికి జారేటిది రాస్తున్నరా?" అంది.

పట్టుకునేది ప్యాడు, జరగాల్సింది పిన్ను, అది జరగకపోతే ఒక ప్యాడే అరుగుతుందని వివరించాను. శ్రద్ధగా అంతా విని, తాండూరుకు రైలు ఎప్పుడుందని అడిగింది.

కొత్త ప్యాడ్లు వేసి, రెండోవైపూ అలాగే చేసి చక్రాలు బిగించాక, ఆయన కారులో కూర్చుని బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కాడు. అత్తమ్మ గేటు బయట ముగ్గుపిండితో ఒక గీత గీసింది.

"గీ గీత దాటిందనుకో, నేను రైలుకే పోత."

కారు చప్పుడు లేకుండా వచ్చి గీతకు ముందే ఆగింది. అత్తమ్మ వంగి చూసి, ఇంకొంచెం జోరుగా రమ్మంది. మళ్లీ ఆగింది. చూడటానికి వాడకట్టు వాళ్లంతా చేరారు. ఇంకోసారి ఆగాక ఆమె సంచి తెచ్చుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక సీట్లోకి వెళ్లాను. దారంతా ఆయన బ్రేకు నొక్కినప్పుడల్లా ఆమె కూడా కాలు నేలకు అదిమింది.

తాండూరు చేరాక, ప్రయాణం ఎట్లా జరిగిందని మా అమ్మ అడిగింది.

"మస్తు జరిగింది వదినె. బ్రేకులు నేనే దగ్గరుండి ఏయించిన," అంది అత్తమ్మ.

ఏదో అనబోయిన మా ఆయన చేతికి చాయ్ గ్లాసు అందించాను.