రత్నమ్మ గారి స్ట్రైపర్

ఎరకు వాడే బంకర్ చేపకు ఒక వాసన ఉంది. నూనె, ఉప్పు, తుప్పుపట్టిన ఇనుము కలిసినట్టుండే ఆ వాసన చేతికి అంటితే మూడుసార్లు సబ్బు పెట్టినా పోదు. మా ఇంట్లో చేప వండరు, నేను తినను. అయినా ఈ ఉదయం అమెరికాలోని రారిటన్ బే అనే అఖాతం ఒడ్డున కారు తలుపు తీయగానే ఆ వాసన తగిలి ప్రాణం లేచి వచ్చినట్టయింది. మా బృందంలోని నలుగురు గాలాలను గాలికొదిలేసి ఒకే ఫోన్ మీదకు వంగి ఉన్నారు. ఉత్తరాన ఎక్కడో ఎవరో పట్టిన స్ట్రైపర్ ఫోటో అది. ఒంటి పొడవునా నల్లని చారలుండే ఈ చేప వసంతంలో సముద్రం వదిలి నదుల్లోకి ఎదురీదుతుంది. ఆ రోజుల్లో మా వాళ్ళకు నిద్రాహారాలు గుర్తుండవు. ఫోటోలోని చేప ఇంతవరకు ఉన్న రికార్డులన్నిటినీ దాటవచ్చునట.

“పక్కా ఏఐ ఫోటో రా అది.”

“కాదు బ్రో, కడుపులో సీసం గుండ్లు కుక్కి వెయిట్ పెంచుంటాడు.”

“నీకు జెలసీ మామా. పోయిన వారం నువ్వు పట్టింది కీచైన్ సైజు!”

“మూర్తి అంకుల్, మీరు చెప్పండి. రియలేనా?”

నాకు కోపం వచ్చింది. ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? ఎన్నిసార్లు కొలిచారు? పక్కన ఎవరున్నారు? ఆ ఫోటో కింద వందల అభినందనలున్నాయి, వందల తిట్లున్నాయి, ఈ నాలుగు ప్రశ్నలలో ఒక్కదానికీ జవాబు లేదు. అదే మాట గట్టిగా అన్నాను. వాళ్ళు నవ్వి గాలాల దగ్గరకు వెళ్ళిపోయారు. నేను మాత్రం ఒడ్డున కూర్చుని, నా ఈ కోపానికి హద్దు నేర్పిన ఒక మనిషిని తలచుకున్నాను. ఆమె పేరు రత్నమ్మ.

ఎడిసన్ దగ్గర ఒక మందుల కంపెనీలో, నాణ్యత తనిఖీ విభాగంలో, ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. రాయనిది జరగనట్టే అన్నది మా విభాగంలో మొదటి పాఠం. పదవీ విరమణ తరువాత డాక్టరు నడవమంటే ఈ ఒడ్డుకు రావడం మొదలుపెట్టాను. ఒక ఉదయం కార్లు ఆపే చోట ఆటుపోట్ల వేళలు అతికించిన బోర్డు ముందు నిలబడి, గతించిన నెల కాగితాన్ని ఈ నెలలో కూడా ఉంచిన బాధ్యతారాహిత్యాన్ని తెలుగులోనే తిట్టుకుంటున్నాను.

“ఎవరిమీదండీ అంత కోపం?” అని వెనకనుంచి ఒక గొంతు. “నీళ్ళు కాగితం చూసుకుని రావు లెండి.”

మడతకుర్చీలో ఒక పెద్దావిడ. నూలు చీర మీద వానకోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు, చేతిలో తనకు రెండింతల పొడవున్న గాలం కర్ర. గోదావరి పాయ ఒడ్డున పుట్టి, నర్సుగా ఈ దేశం వచ్చి, ఆసుపత్రి వార్డుల్లో నలభై ఏళ్ళు గడిపిన మనిషి ఆమె. నా చొక్కా జేబులోని చిన్న పుస్తకం చూసి అందులో ఏం రాస్తారని అడిగింది. నడిచిన దూరం, పట్టిన సమయం, నడక ముగిశాక నాడి అని చెప్పాను.

“ఆయ్, నాడి రాసుకుంటారా? ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి.” ఎర వాసన కొట్టే రెండు వేళ్ళు నా మణికట్టు మీద పెట్టి గడియారం చూసింది. “ఎనభై ఎనిమిది. మీరెంత రాశారు?”

“డెబ్భై రెండు.”

“ఆ బోర్డు చూడకముందు కొలుచుకున్నట్టున్నారు” అని నవ్వింది.

ఆ నవ్వుతోనే నన్ను తమ బృందంలో కలుపుకుంది. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు పదిమందికి పైగా వారాంతాల్లో అక్కడ గాలాలు వేసేవారు. అందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆమెను ఆంటీ అనేవారు. ఎవరి చేప పెద్దదన్న తగువు ప్రతివారం ఉండేది. “మీరు తినరు కాబట్టి మీకు ఆశ ఉండదు. మీరే రాయండి” అని రత్నమ్మ గారు ఆ బాధ్యత నాకు అప్పగించింది. గట్టి అట్ట ఉన్న పుస్తకం కొని గడులు గీశాను. తేదీ, గాలి, ఆటు లేదా పోటు, ఎర, పొడవు, సాక్షులు, విశేషాలు. పొడవు కొలవడానికి అంగుళాల గుర్తులున్న చెక్క పలక చేయించాను. పలక మీద చేపను చదునుగా పడుకోబెట్టి మూడుసార్లు కొలవాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇందులో ఏది తప్పినా ఆ చేప పుస్తకంలోకి ఎక్కదని నియమం పెట్టాను. నిర్ణీత పొడవు మించిన స్ట్రైపర్‌ను వెంటనే వదిలేయాలని రాష్ట్రం వారి నియమం ఎలాగూ ఉంది. దాన్ని కూడా మొదటి పేజీలో రాసి, దాని కింద అన్నిటికన్నా పెద్ద చేపలు పట్టినవారి పేర్లకు వరసలు గీశాను.

ఆ నియమం చూసి రత్నమ్మ గారు ముక్కున వేలేసుకుంది. “పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మావైపు. ఇదీ దాని చుట్టమే, సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కేదే. ఇక్కడేమో పెద్దది దొరికితే దణ్ణం పెట్టి వదిలేయాలంట! విడ్డూరం కాదూ?” అంటూనే ఆ నియమాన్ని ఒక్కనాడూ తప్పలేదు.

నా నియమం వల్ల మొదట నష్టపోయినవాడు కిరణ్. ఇద్దరు పిల్లల తండ్రి, వారమంతా రైల్లో ఆఫీసుకు తిరిగి శనివారం కోసం బతికే మనిషి. ఒక శరదృతువులో అతనికి పెద్ద స్ట్రైపర్ పడింది. పలక మీద ఒక్కసారి కొలిచామో లేదో, అది ఎగిరి అలలోకి జారిపోయింది.

“అంకుల్, ఫార్టీ నైన్ అండ్ హాఫ్! రికార్డ్ ఫార్టీ ఎయిట్. మీరే చదివారుగా!”

“ఒక్కసారే చదివాను. ఇంకా రెండు కొలతలు లేవు.”

“చేప జంప్ చేస్తే నేనేం చేయను? కళ్ళారా చూశారు కదా!”

“రాయడానికి చూడటం చాలదు, కిరణ్.”

ఆ తరువాత నెలరోజులు అతను నాతో మాట్లాడలేదు. నాకు ఆడిట్ అంకుల్ అని పేరు పెట్టాడని తెలిసింది. రత్నమ్మ గారు ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిస్తూ, “రూలు మంచిదేనండీ. ఆ అబ్బాయి ముఖం చూశారా?” అంది. “ముఖానికి గడి లేదు” అన్నాను. ఆ జవాబుకు అప్పట్లో గర్వపడ్డాను కూడా.

మరుసటి వసంతం ఆమెకు ఇక్కడ చివరిది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆపరేషన్ చేయించుకుని కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండే కూతురి దగ్గరకు వెళ్ళిపోవడానికి అంతా సిద్ధమైంది. ఆమె ఎప్పుడూ ఏదీ కావాలని అడిగే మనిషి కాదు. ఆ ఏడు మాత్రం పుస్తకం మొదటి పేజీ తెరిచి, “పై వరసలో నా పేరు ఒక్కసారి చూసుకుని వెళ్ళాలనుందండీ. నవ్వకండి” అంది. నేను నవ్వలేదు. ఆమెకన్నా నాకే ఎక్కువ ఆశ కలిగింది. ఆమె గాలం వేసిన ప్రతి ఉదయం నేను అక్కడ ఉన్నాను.

అది మే నెల. పోటు ఎక్కుతున్న వేళ ఆమె కర్ర విల్లులా వంగింది. రీలు లోంచి గాలపు దారం కూతపెడుతూ పోయింది. ఆమె బూటు కాళ్ళు ఇసుకలో పాతుకుని, లాగవలసినప్పుడు లాగుతూ, వదలవలసినప్పుడు వదులుతూ, ఎవరు సాయం వస్తామన్నా “చెయ్యి వేయకండి, నాది” అని కసిరింది. చివరికి కిరణ్ నడుము లోతు నీళ్ళలోకి దిగి చేపను రెండు చేతులా పొదివి ఒడ్డుకు తెచ్చాడు. ఒడ్డు ఒడ్డంతా పరుగెత్తుకొచ్చింది. ఆ తీరంలో ఏళ్ళ తరబడి గాలం వేస్తున్న ఒక అమెరికన్ ముసలాయన టోపీ తీసేసి నిలబడ్డాడు. ఇంత చేపను ఇక్కడ చూడలేదన్నాడు.

“ఆంటీ, స్టేట్ రికార్డ్ కూడా అవ్వొచ్చు! కూలర్‌లో పెట్టి షాప్‌కి తీసుకెళ్ళి వెయిట్ చూపిద్దాం!”

“వదిలేయాలి రా, ఫైన్ పడుతుంది.”

“ఫైన్ నేను కడతా, ఫస్ట్ వెయిట్ చూడండి!”

చెక్క పలక కారులో ఉంది. తీసుకురావడానికి వెళితే చేప చేజారుతుందేమోనన్న భయంతో జేబులోని గుడ్డ టేపు తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆ చారల మీద ఊదా, ఆకుపచ్చ రంగులు కదులుతున్నాయి. అలాంటి రంగులు చేపకుంటాయని నాకంతవరకు తెలియదు. టేపు యాభై రెండు చూపింది. గట్టిగా చదివాను. కేకలు మిన్నంటాయి.

“ఇంకా రెండుసార్లు” అన్నాను.

రత్నమ్మ గారు అప్పటికే చేప కింది దవడ పట్టుకుని నీళ్ళవైపు జరుపుతోంది. “చాలండీ. ఆయాసపడుతోంది.”

“రత్నమ్మ గారూ, మూడు కొలతలు లేకపోతే నేను రాయలేను. మీకు తెలుసు!”

ఆమె తలెత్తి నన్ను చూసింది. వార్డులో కొత్త నర్సులను చూసిన చూపు అదే అయి ఉంటుంది. “ఊపిరాడని మనిషిని తెస్తే ముందు ఆక్సిజన్ పెడతామా, ఫారం నింపుతామా? చెప్పండి మూర్తి గారూ.”

నేను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. మోకాలి లోతు నీళ్ళలో ఆమె చేపను అలకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించింది. హఠాత్తుగా తోక ఒక్క విసురు విసిరి చేప వెళ్ళిపోయింది. ఆమె తడిసిన చీరతో అక్కడే కూర్చుండిపోయి చిన్నపిల్లలా నవ్వింది.

మధ్యాహ్నానికి మా బృందం వాట్సాప్ దద్దరిల్లింది. కేకు ఆర్డరు చేద్దామన్నారు కొందరు. ఆంటీ చేపకు మూడు కొలతలు అక్కర్లేదా అని కిరణ్ తరఫున దెప్పినవారు మరికొందరు. నాకూ అదే చిక్కు. ఒకరికి ఒక నియమం, ఇంకొకరికి మరొకటి పెట్టలేను. ఆమె పేరు పై వరసలో రాయకుండా ఉండనూలేను. ఆధారం దొరుకుతుందేమోనని ఎవరో తీసిన ఫోటోను పెద్దది చేసి చూశాను. టేపు చేప పక్కన తిన్నగా లేదు. ఉబ్బిన పొట్ట మీదుగా వంపు తిరిగి వెళ్ళింది. వంపు వెంట కొలిస్తే పొడవు పెరుగుతుందని పసివాడికి కూడా తెలుసు. అసలు పొడవు యాభై కావచ్చు, నలభై ఏడే కావచ్చు. అందరూ అంకెను చూశారు గాని టేపును చూడలేదు. ముప్ఫై ఏళ్ళు ఇతరుల తప్పులు పట్టి బతికినవాణ్ణి, చేయకూడని చోట తప్పు చేశాను.

వెంటనే కారు తీసుకుని ఆమె అపార్ట్‌మెంటుకు వెళ్ళాను. పెసరట్టు పోస్తోంది. నిలబడే జరిగింది చెప్పాను.

“తెలుసండీ” అంది అట్టు తిప్పుతూ. “టేపు పొట్ట మీద వేసినప్పుడే చూశాను.”

“చూసి కూడా చెప్పలేదా?”

“మూడేళ్ళలో మీరు పుస్తకం మరిచిపోయి చేపను చూడటం అదే మొదలు. నోరు తెరుచుకుని చూస్తున్నారు. పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.”

“మీ పేరు పై వరసలో ఉండేది. నా వల్ల పోయింది.”

“నాకూ ఆశ ఉందండీ, లేదనను” అంటూ అట్టు పళ్ళెంలోకి తీసింది. “ఉన్నంతలో నిజం రాసేయండి. ముందు అట్టు తినండి, చల్లారిపోతుంది.”

తిన్నాక పుస్తకం తెరిచాను. తేదీ, గాలి, పోటు, ఎర రాశాను. పొడవు గడి దగ్గర కలం ఆగింది. “ఏం రాయమంటారు?”

“తెలియనప్పుడు వదిలేయండి.”

ఖాళీ గడి వదలకూడదని, అడ్డగీత కొట్టి సంతకం చేయాలని, అది పద్ధతి అని చెప్పాను.

“గీత కొడితే చేపే లేనట్టుంటుంది. గీత వద్దండీ” అంది.

నా జీవితంలో మొదటిసారి ఒక గడి ఖాళీగా వదిలాను. విశేషాల గడిలో, కొలత లోపం నాదని, చేప ప్రాణాలతో వెళ్ళిందని రాసి సంతకం చేశాను. ఆ సాయంత్రమే బృందానికి అంతా తెలియజేశాను. తరువాత ఓటింగ్ పెట్టి ఆంటీ పేరే పైన రాద్దామని మొదలుపెట్టారు. రత్నమ్మ గారు ఒక్క వాయిస్ మెసేజ్ పంపింది: “ఓట్లేస్తే చేప పెరుగుతుందా నాయనా?” దానితో ఆ మాట ముగిసింది.

మరుసటి శనివారం కిరణ్ చేపను కూడా అదే విధంగా, ఆనాటి తేదీతో, పొడవు గడి ఖాళీగా ఉంచి చేర్చి అతనికి చూపాను. చాలాసేపు చదివాడు. “ఇప్పుడా అంకుల్? ఆ చేపకి మనవలు పుట్టుంటారు” అన్నాడు. అంటూనే ఆ పేజీని ఫోటో తీసుకున్నాడు.

రత్నమ్మ గారు డబ్లిన్ వెళ్ళింది. ఫోన్ చేసినప్పుడల్లా “నాడి ఎంత?” అని అడిగేది. పోయిన శీతకాలంలో నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయిందని కూతురు కబురు చేసింది. మూడు కొలతల నియమం ఇప్పటికీ ఉంది, దాన్ని సడలించేది లేదు. దానికి ముందు మరొక వాక్యం చేర్చాను: చేప ఊపిరి చూసుకుని కొలవాలి. పుస్తకం తెరవడానికి ముందు నేను కూడా కాసేపు చేపను చూస్తాను, పట్టినవారి ముఖం చూస్తాను. అందువల్ల పని ఆలస్యమవుతోంది. ఆ ఆలస్యం నాకు బాగుంది.

కొత్తగా చేరినవాళ్ళు పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగుతారు. “అంకుల్, ఇక్కడ లెంగ్త్ మిస్ అయింది” అంటారు. మొదట్లో తప్పు ఎలా జరిగిందో వివరంగా విన్నవించుకునేవాణ్ణి. ఇప్పుడు పుస్తకం మూసేసి, “కూర్చోండి, చెబుతాను” అంటాను.